ఎడ్జ్ బాక్సా, క్లౌడా, పాత మెయిన్‌ఫ్రేమా: పాత ఫైనాన్స్ సిస్టమ్‌లో ఏ పని ఎక్కడ పెట్టాలో ఎలా తేల్చుకోవాలి

పాత ఫైనాన్స్ సిస్టమ్‌ని మార్చాలి అనగానే మీటింగ్‌లో మూడు వర్గాలు తయారవుతాయి. ఒకళ్ళు మొత్తం క్లౌడ్‌కి తీసుకెళ్ళిపోదాం అంటారు, ఇంకొకళ్ళు నడుస్తున్నదాన్ని కెలక్కండి బాబూ అంటారు, ఈ మధ్య మూడో వర్గం కూడా వచ్చింది, ప్రతి బ్రాంచ్‌లో ఒక ఎడ్జ్ బాక్స్ పెట్టేసి ప్రాసెసింగ్ అంతా అక్కడే చేసేద్దాం అని. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ ముగ్గురూ సిస్టమ్‌ని ఒకే ముద్దగా చూస్తున్నారు, అక్కడే తేడా కొడుతుంది. నా ఉద్దేశంలో సిస్టమ్ మొత్తానికి ఒక ఆప్షన్ ఎంచుకోవడం అనేదే తప్పు ప్రశ్న. లోపల ఉన్న పనుల్ని విడదీసి, ఒక్కో పనికీ ఇలా అడగాలి: నెట్‌వర్క్ ఒక గంట పోతే ఈ పని ఆగినా పర్లేదా? ఆగకూడదంటే ఆ గంటలో నిర్ణయం తీసుకునే హక్కు ఎవరికి ఇస్తున్నాం, ఎంత సొమ్ము వరకు ఇస్తున్నాం?

ఈ రెండో ప్రశ్నకి బిజినెస్ వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే ఎడ్జ్ గురించి మాట్లాడటం అప్పుడే వద్దు. ఇది టెక్నాలజీ ప్రశ్న కాదు, రిస్క్ ఎవరు మోస్తారు అనే ప్రశ్న.

ముందు పాతదాని గురించి రెండు ముక్కలు. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష 1959లో మొదలైంది, ఐబీఎం సిస్టమ్/360 అనే మెయిన్‌ఫ్రేమ్‌ని, అంటే పెద్ద సెంట్రల్ కంప్యూటర్‌ని, 1964లో ప్రకటించారు, వాటి మీద కట్టిన లెడ్జర్లు (ఖాతాల అసలు లెక్కలు) తరాలు మారినా ఇంకా నడుస్తున్నాయి అంటే ఏదో బద్ధకం వల్ల కాదు, అవి లెక్క తప్పవు కాబట్టి. మెయిన్‌ఫ్రేమ్ స్లో అనే మాట చాలామంది అంటారు గానీ నేను ఒప్పుకోను, లావాదేవీలు పోస్ట్ చేయడంలో అది ఇప్పటికీ గట్టిదే. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. డేటా లోపల ఇరుక్కుపోయింది, రాత్రి అన్నీ కలిపి ఒకేసారి నడిపే బ్యాచ్ అయితే తప్ప బయటికి రాదు, చిన్న మార్పు చేయాలన్నా నెలలు పడుతుంది, ఆ కోడ్ రాసినవాళ్ళు రిటైర్ అయిపోయారు. అంటే మీకు కావాల్సింది లెడ్జర్‌ని పీకేయడం కాకపోవచ్చు, దాని చుట్టూ గాలి ఆడేలా చేయడం కావచ్చు. ఈ రెండూ చాలా వేరు పనులు, వాటి ఖర్చులూ చాలా వేరు.

ఇక ఎడ్జ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. డేటా ఎక్కడ పుడుతుందో దానికి దగ్గర్లోనే కొంత ప్రాసెసింగ్ చేయడం, అంతే. బ్రాంచ్‌లో సర్వర్, ఏటీఎమ్ లోపలి కంప్యూటర్, కార్డ్ గీకే మెషిన్, ఎక్స్‌చేంజ్ పక్కనే అద్దెకి తీసుకున్న ర్యాక్, ఇవన్నీ ఎడ్జే. ఇది ఫైనాన్స్‌కి కొత్త కూడా కాదు. 1990లలో వచ్చిన ఈఎంవీ చిప్ కార్డ్‌ని చూడండి, నెట్‌వర్క్ లేకపోయినా ఇన్ని లావాదేవీల వరకు ఆఫ్‌లైన్‌లో ఒప్పుకోవచ్చు, అది దాటితే బ్యాంక్‌ని అడగాల్సిందే అని చిప్ లోపలే కౌంటర్లు పెట్టారు, మెషిన్ వైపు ఫ్లోర్ లిమిట్ అని, ఇంత మొత్తం దాటితే బ్యాంక్‌ని అడగాలి అనే ఇంకో హద్దు పెట్టారు. హక్కు ఇచ్చారు, కానీ కొలిచి ఇచ్చారు. ఎడ్జ్ డిజైన్ చేసే ప్రతివాళ్ళూ ముందు ఇది చదువుకోవాలి అని నాకనిపిస్తుంది.

పాతదానికి ముందు ఒక ఏపీఐ పొర

నా లెక్కలో మొత్తం నాలుగు దారులున్నాయి, వాటిలో ఇది చవకైనది, త్వరగా అయ్యేది. పాత ప్రోగ్రామ్‌ని ముట్టుకోకుండా దాని ముందు ఒక ఏపీఐ (వేరే ప్రోగ్రామ్‌లు దానితో మాట్లాడే ద్వారం) పెట్టి మొబైల్ యాప్‌కీ పార్ట్‌నర్లకీ దారి ఇస్తారు. మీ సమస్య కేవలం కొత్త చానల్ కలపడమే అయితే ఇదే చేయండి, ఇంకేమీ వద్దు. కాకపోతే యాప్‌లో బ్యాలెన్స్ చూసిన ప్రతిసారీ లోడ్ మళ్ళీ ఆ పాత మెషిన్ మీదే పడుతుంది, జనం లావాదేవీలు చేసేదానికంటే బ్యాలెన్స్ చూసుకునేదే చాలా ఎక్కువ కాబట్టి బిల్లు పెరుగుతుంది. నెట్‌వర్క్ పోతే బ్రాంచ్ ఎలాగూ గుడ్డిదే.

మొత్తం సెంట్రల్ క్లౌడ్‌కి మార్చడం

పని పూర్తయితే బాగుంటుంది, పూర్తవడమే కష్టం. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో పాత ప్లాట్‌ఫామ్ నుంచి కొత్తదానికి కస్టమర్లందరినీ ఒకే వీకెండ్‌లో మార్చింది, ఆ తర్వాత జనం తమ ఖాతాల్లోకి వెళ్ళలేక వారాల తరబడి అల్లాడిపోయారు, 2022 డిసెంబర్‌లో రెగ్యులేటర్లు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. డేటా అయితే వెళ్ళింది, ప్లాట్‌ఫామే తట్టుకోలేకపోయింది. ఒకే రాత్రి స్విచ్ మార్చే ప్లాన్ ఎవరైనా తెస్తే ఈ కథ వాళ్ళ ముందు పెట్టండి. ముక్కలు ముక్కలుగా మార్చగలిగితే మాత్రం రిపోర్టింగ్, అనలిటిక్స్, కొత్త లోన్ ప్రొడక్టులు, ఇలాంటివాటికి క్లౌడ్ చక్కగా సరిపోతుంది, వీటికి ఎడ్జ్ అవసరమే లేదు.

లెడ్జర్ అక్కడే, కాపీ మాత్రం ఎడ్జ్‌లో

నాకు బాగా నచ్చిన దారి ఇది, ఎక్కువమందికి సరిపోయేది కూడా ఇదే. అసలు లెడ్జర్ కదలదు. డేటాబేస్‌లో జరిగిన ప్రతి మార్పునీ దాని లాగ్ నుంచి పట్టుకుని, కాఫ్కా లాంటి స్ట్రీమ్‌లో (మార్పుల్ని వరసగా చేరవేసే సాఫ్ట్‌వేర్) వేసి, బ్రాంచ్ దగ్గరో రీజియన్ దగ్గరో ఉన్న నోడ్లకి, అంటే అక్కడి సర్వర్లకి, పంపిస్తారు, చదివే పనులన్నీ అక్కడే అయిపోతాయి. బ్యాలెన్స్ చూడటం, స్టేట్‌మెంట్, ఫ్రాడ్ మోడల్‌కి కావాల్సిన గత లావాదేవీల చరిత్ర, ఇవన్నీ. రాసే పనులు, అంటే లెడ్జర్‌ని మార్చేవి, మాత్రం సెంటర్‌కే వెళ్తాయి. పాత మెషిన్ మీద లోడ్ తగ్గుతుంది, కస్టమర్‌కి స్క్రీన్ త్వరగా వస్తుంది, ఏదైనా తేడా వస్తే కాపీని పడేసి మళ్ళీ కట్టుకోవచ్చు, సొమ్ము ఎక్కడికీ పోదు. డీబీ2 అనే ఐబీఎం డేటాబేస్‌లో ఉన్న డేటాకి ఇది తేలిక, వీశామ్ అనే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్ళలో ఉంటే అంత తేలిక కాదు, ఎస్టిమేట్ వేసేటప్పుడు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఇక్కడ అందరూ కిందపడే గొయ్యి ఒకటుంది, దగ్గర నుంచి చూపిస్తాను. పాత రికార్డులో 123.45 అనే మొత్తం మూడు బైట్లలో ఉంటుంది, హెక్స్‌లో (ఒక్కో అర బైట్‌ని ఒక్కో అక్షరంగా రాసే పద్ధతి) చూస్తే 12 34 5సి. చివరి అర బైట్ గుర్తు, సి అంటే ప్లస్, డి అంటే మైనస్. దశాంశ బిందువు డేటాలో ఉండదు, అది కోబాల్ కాపీబుక్‌లో, అంటే రికార్డ్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడ, ఎలా ఉందో చెప్పే ఫైల్‌లో, ఉంటుంది. ఇప్పుడు ఎవరో తొందరపడి రికార్డ్ మొత్తాన్ని మామూలు టెక్స్ట్ అనుకుని మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్ అయిన ఎబ్సిడిక్ (కోడ్ పేజీ 037) నుంచి మామూలు కంప్యూటర్ల కోడ్ అయిన లాటిన్-1కి మార్చారనుకోండి. 12 అలాగే ఉంటుంది, 34 కాస్తా 94 అవుతుంది, 5సి ఎబ్సిడిక్‌లో నక్షత్రం గుర్తు కాబట్టి అది 2ఏ అవుతుంది. అంటే 12 94 2ఏ. ఏ అనేది కూడా ప్లస్ గుర్తుగా చెల్లుతుంది! చదివితే 129.42 వస్తుంది. ఎర్రర్ రాదు, ఏ వార్నింగూ ఉండదు, 123.45 కాస్తా 129.42 అయిపోయి కస్టమర్ ముందు నిలబడుతుంది. అందుకే కాపీబుక్ చూసి ఫీల్డ్ ఫీల్డ్‌గా మార్చాలి, బైట్ల మీద గుడ్డిగా టెక్స్ట్ కన్వర్షన్ నడపకూడదు. అలాగే మొత్తాల్ని ఎడ్జ్‌లో ఫ్లోట్‌లో (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే టైప్) పెట్టొద్దు, డెసిమల్ టైప్ వాడండి లేదా పైసల్లాంటి చిన్న యూనిట్‌లో పూర్ణాంకంగా పెట్టుకోండి. ఇంకోటి, ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత సార్ట్ అవుతాయి, మామూలు కంప్యూటర్ల ఆస్కీ కోడ్‌లో అంకెలే ముందు, రెండు ఫైళ్ళని వరసగా పోల్చే పాత రీకన్సిలియేషన్ జాబ్ ఏదైనా ఉంటే అది దీనివల్లే బోల్తా పడుతుంది.

ఈ దారిలో ఒప్పుకోవాల్సిన లోటు ఏంటంటే కాపీ ఎప్పుడూ కొంచెం వెనకే ఉంటుంది. ఎంత వెనక ఉందో స్క్రీన్ మీద చూపించండి, ఇది ఏ టైమ్‌కి ఉన్న బ్యాలెన్సో రాయండి. దాచితేనే కంప్లైంట్లు వస్తాయి.

ఎడ్జ్‌కే రాసే హక్కు ఇవ్వడం

నిజమైన ఎడ్జ్ ఇదే, కష్టమైనదీ ఇదే. లింక్ పోయినా బ్రాంచ్ సొమ్ము ఇవ్వగలగాలి అంటే ఆ బాక్స్‌కి నిర్ణయం తీసుకునే హక్కు ఉండాలి. కంప్యూటర్ సైంటిస్ట్ ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పింది, 2002లో గిల్బర్ట్, లించ్ అనే ఇద్దరు పరిశోధకులు నిరూపించింది ఇక్కడ అక్షరాలా ఎదురవుతుంది, నెట్‌వర్క్ రెండు ముక్కలైనప్పుడు అందరికీ ఒకే లెక్క కనిపించాలన్నా అందరూ పని చేస్తూనే ఉండాలన్నా రెండూ కుదరవు, ఒకటి వదులుకోవాలి. ఖాతాలో 10,000 ఉంది, రెండు నోడ్ల దగ్గరా 10,000 అనే కనిపిస్తోంది, లింక్ లేదు, ఇక్కడ 8,000 ఇచ్చారు, అక్కడ 8,000 ఇచ్చారు. ఏ డేటాబేస్ కొన్నా ఈ లెక్క మారదు.

మరి దారి లేదా అంటే ఉంది, పాతదే. ప్యాట్రిక్ ఓనీల్ అనే డేటాబేస్ పరిశోధకుడు 1986లో ఎస్క్రో పద్ధతి అని ఒక పేపర్ రాశారు, దాని సారాన్ని ఎడ్జ్‌కి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది: ఆ 10,000ని ముందే పంచేయండి, మొదటి నోడ్‌కి 4,000, రెండో నోడ్‌కి 3,000, సెంటర్ దగ్గర 3,000. లింక్ పోయినప్పుడు ఏ నోడ్ అయినా తన వాటా వరకే ఇస్తుంది, అంతకు మించి అడిగితే సారీ లింక్ వచ్చాక రండి అంటుంది. మొత్తం ఎప్పుడూ 10,000 దాటదు, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. లింక్ వచ్చాక వాటాలు మళ్ళీ సర్దుకుంటారు. నష్టం ఏంటి? కస్టమర్ ఖాతాలో 10,000 ఉన్నా ఒక్కోసారి 4,000 దగ్గరే ఆగిపోతాడు. దాన్ని ఒప్పుకోలేకపోతే ఇంకో మార్గం, ఇంత మొత్తం వరకు ఓవర్‌డ్రా అయినా బ్యాంకే భరిస్తుంది అని రాతపూర్వకంగా తేల్చుకోవడం. ఈ రెండూ కాకుండా మూడోది ఏదో ఉంది అని ఎవరైనా వెండర్ చెబితే వైట్‌బోర్డ్ మీద గీసి చూపించమనండి.

రెండో చిక్కు లింక్ తిరిగి వచ్చినప్పుడు. నేను పనిచేసిన ఒకచోట బ్రాంచ్ బాక్సులు లింక్ లేనప్పుడు లావాదేవీల్ని క్యూలో దాచి, వచ్చాక పంపేవి. ఒకరోజు లింక్ వచ్చీ పోతూ ఉంది, బాక్స్ పంపింది, సెంటర్ పోస్ట్ చేసింది, అందింది అనే జవాబు మాత్రం దారిలో పోయింది. బాక్స్ మళ్ళీ పంపింది. పంపిన ప్రతిసారీ కొత్త రిఫరెన్స్ నంబర్ వేసేలా కోడ్ రాసి ఉంది, సెంటర్‌కి అది కొత్త లావాదేవీలా కనిపించింది. లోన్ కిస్తీలు రెండుసార్లు కట్ అయ్యాయి. రెండు రాత్రులు కూర్చుని లిస్టులు పక్కపక్కన పెట్టి చేత్తో రివర్స్ చేశాం, ఆ రెండ్రోజులూ ఫోన్ చేసినవాళ్ళకి జీతం డబ్బుల్లోంచి రెండు కిస్తీలు పోయాయి, వాళ్ళ గొంతులు నాకింకా గుర్తున్నాయి. చేయాల్సింది ఒక్కటే, లావాదేవీ పుట్టిన క్షణంలోనే దానికి ఒక నంబర్ పడాలి, ఎన్నిసార్లు పంపినా అదే నంబర్, సెంటర్‌లో ఆ నంబర్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉండాలి, అంటే అదే నంబర్ రెండోసారి వస్తే డేటాబేస్ ఒప్పుకోకూడదు. దీన్ని తర్వాత కలుపుదాం అని ఎవరైనా అంటే ప్రాజెక్ట్ ఆపండి.

గడియారం సంగతి కూడా ఇక్కడే. బాక్స్ టైమ్ నాలుగు నిమిషాలు వెనకుంటే డే-ఎండ్ (ఆ రోజు లెక్క మూసే సమయం) దాటాక చేసిన లావాదేవీ నిన్నటి తేదీలో పడుతుంది, వడ్డీ లెక్క మారుతుంది. బిజినెస్ డేట్‌ని బాక్స్ గడియారంతో తేల్చొద్దు, సెంటర్ పంపిన తేదీనే వాడాలి. ట్రేడింగ్ అయితే ఇది చట్టం దాకా వెళ్ళింది, యూరప్‌లో మిఫిడ్-2 అనే ఆర్థిక మార్కెట్ల చట్టం రూల్స్ ప్రకారం హై ఫ్రీక్వెన్సీ ట్రేడింగ్ చేసేవాళ్ళ గడియారాలు యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) 100 మైక్రోసెకండ్లకి మించి తేడా ఉండకూడదు.

గూగుల్ స్పానర్ లాంటి డిస్ట్రిబ్యూటెడ్ ఎస్‌క్యూఎల్ (చాలా చోట్ల కాపీలు పెట్టుకుని నడిచే డేటాబేస్) పెట్టేస్తే ఇవన్నీ పోతాయా అని చాలామంది అడుగుతారు. స్పానర్ మీద 2012లో వచ్చిన పేపర్ గొప్పదే, జీపీఎస్, అటామిక్ గడియారాలతో టైమ్ సమస్యని బాగా పట్టుకున్నారు. కానీ రాయాలంటే కాపీల్లో మెజారిటీ ఒప్పుకోవాలి, మెజారిటీతో తెగిపోయిన బ్రాంచ్ రాయలేదు. రీజియన్ల మధ్య పెట్టుకోవడానికి బాగుంటుంది, తెగిపోయే బ్రాంచ్‌కి ఇది మందు కాదు.

లేటెన్సీ అనే కారణం గురించి

ఎడ్జ్ కొనడానికి ఎక్కువగా చెప్పే కారణం స్పీడ్, అంటే లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే ఆలస్యం) తగ్గడం. లెక్క వేద్దాం. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటర్‌కి సుమారు 5 మైక్రోసెకండ్లు తీసుకుంటుంది, 1,000 కిలోమీటర్లు వెళ్ళి రావడానికి 10 మిల్లీసెకండ్లు, దారిలో పరికరాలతో కలిపి ఇంకొంచెం. మీ కస్టమర్ స్క్రీన్ ముందు రెండు సెకన్లు ఎదురుచూస్తున్నాడంటే ఆ టైమ్ దూరంలో పోవట్లేదు, ఒకదాని తర్వాత ఒకటి పిలిచే ఇరవై కాల్స్‌లోనో, ఇండెక్స్ లేని టేబుల్‌లోనో పోతోంది. అది సరిచేయకుండా బాక్స్ పెడితే అదే చెత్త దగ్గరికొస్తుంది. మైక్రోసెకండ్లు నిజంగా లెక్కలోకి వచ్చేది ఆర్డర్ వెళ్ళేముందు రిస్క్ చెక్ చేసే ట్రేడింగ్ వాళ్ళకి, వాళ్ళు ఎక్స్‌చేంజ్ పక్కనే పెట్టుకోవాల్సిందే. కార్డ్ ఫ్రాడ్ స్కోరింగ్‌కి కూడా కొంత లాభం ఉంది, మోడల్‌ని సెంటర్‌లో ట్రైన్ చేసి స్కోర్ మాత్రం దగ్గర్లో వేయొచ్చు.

నడపడానికి అయ్యే ఖర్చు

డెమోలో ఇది కనపడదు. మూడు వందల బ్రాంచ్‌లుంటే, ఒక డేటా సెంటర్ బదులు మూడు వందల చిన్న డేటా సెంటర్లు నడుపుతున్నారు మీరిప్పుడు. అన్నిట్లో ఒకే వెర్షన్ ఉందా? నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ కంపెనీలో 2012 ఆగస్ట్ 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్ళింది, మిగిలిన ఒక్కదాంట్లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ లేచి కూర్చుంది, 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అది ఎనిమిది సర్వర్లతో. వెర్షన్ కలవని నోడ్‌ని లావాదేవీలు చేయనివ్వకుండా సెంటరే ఆపేయగలగాలి, ఈ ఒక్క ఫీచర్ లేని ఎడ్జ్ ప్లాట్‌ఫామ్‌ని నేనైతే తీసుకోను.

బాక్స్ బల్ల కింద ఉంటుంది, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయ్యుండాలి, కీ ఆ డిస్క్ మీదే ఉండకూడదు, దూరం నుంచి దాన్ని చెల్లకుండా చేసే దారి ఉండాలి. కార్డ్ వెనకున్న మూడంకెల సీవీవీని ఆథరైజేషన్ (లావాదేవీకి బ్యాంక్ అనుమతి) అయ్యాక ఎక్కడా దాచకూడదని పీసీఐ డీఎస్ఎస్ అనే కార్డ్ భద్రతా ప్రమాణం చెబుతుంది, ఎడ్జ్ లాగ్ ఫైల్ కూడా ఆ ‘ఎక్కడా’ కిందకే వస్తుంది, డీబగ్ లాగ్‌లో మొత్తం మెసేజ్ ప్రింట్ చేసే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. యూరప్‌లో పనిచేసేవాళ్ళయితే 2025 జనవరి 17 నుంచి డోరా (ఆర్థిక సంస్థల ఐటీ వ్యవస్థలు దెబ్బల్ని తట్టుకోవాలనే చట్టం) కూడా ఉంది, ప్లాట్‌ఫామ్ ఇచ్చే వెండర్‌తో కాంట్రాక్ట్‌లో ఏం ఉండాలో, బయటికి ఎలా రావాలో ముందే రాసుకోవాలి.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

లింకులు గట్టిగా ఉండి, కొత్త యాప్ మాత్రమే కావాలంటే ఏపీఐ పొరతో ఆగండి. పాత మెషిన్ బిల్లు చదివే లోడ్ వల్ల పెరుగుతుంటే, లేదా డేటా రాత్రి దాకా బయటికి రాకపోవడమే బాధ అయితే, కాపీని ఎడ్జ్‌లో పెట్టే మూడో దారి. నా అంచనాలో ఎక్కువ సంస్థలు ఇక్కడే ఆగిపోవచ్చు, ఆగిపోవాలి కూడా. లింకులు నిజంగా పోతుంటే, పోయినప్పుడు జనం కౌంటర్ దగ్గర నిలబడిపోతుంటే, చిన్న మొత్తాలకి మాత్రం నాలుగో దారి, వాటాలు పంచి. పెద్ద మొత్తాలు, లోన్ మంజూరు, వడ్డీ లెక్క, డే-ఎండ్, రెగ్యులేటర్‌కి పంపే రిపోర్టులు ఎడ్జ్‌కి వద్దు, వీటికి ఒక గంట ఆగినా మునిగిపోయేది లేదు, రెండు చోట్ల రెండు జవాబులు వస్తేనే మునుగుతాం.

నాలుగు దారుల్లో మూడో దాని మీద నాలుగోది కట్టుకోవచ్చు. కాబట్టి రెండూ కావాలనుకున్నా ముందు చదివే కాపీతో మొదలుపెట్టి, కనీసం ఒక నెలాఖరు, ఒక క్వార్టర్ ఎండ్ దాటనివ్వండి, రోజూ కాపీనీ అసలునీ ఖాతా ఖాతాకీ పోల్చండి. మొత్తాలు కలిశాయి చాలు అనుకోవద్దు, ఒక ఖాతాలో 50 ఎక్కువ, ఇంకో ఖాతాలో 50 తక్కువ ఉన్నా మొత్తం కలుస్తుంది.

రాసే హక్కు ఇచ్చే ముందు వెండర్‌ని ఒక టెస్ట్ బ్రాంచ్‌కి పిలిచి, లావాదేవీలు నడుస్తుండగా కేబుల్ పీకేయండి. గంట ఆగండి. ఆ గంటలో వాటా అయిపోయిన ఖాతాకి బాక్స్ ఏం చెప్పిందో చూడండి, క్యూ ఎంత పెరిగిందో చూడండి, మధ్యలో బాక్స్ పవర్ కూడా ఒకసారి తీసి పెట్టండి. తర్వాత కేబుల్ పెట్టి, పది సెకన్లకి మళ్ళీ పీకి, మళ్ళీ పెట్టండి, రెండుసార్లు పోస్ట్ అయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ తర్వాత సెంటర్ లెడ్జర్‌లో ఎంట్రీలు లెక్కపెట్టించండి, స్లైడ్ మీద కాదు, మీ అకౌంట్స్ టీమ్ మనిషిని పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్కటిగా.